అప్పే సరుకైన కంపెనీ షేరును దేనితో తూచాలి

దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తిప్పేవాళ్లు ప్రతి కాలనీలో ఒకరిద్దరు కనిపిస్తారు. కొత్త మనిషి అప్పు అడగడానికి వస్తే, వడ్డీ ఎంతిస్తావన్నది వాళ్ల మొదటి ప్రశ్న కాదు. ఎక్కడ పని, ఇల్లు సొంతమా అద్దెదా, ఇంకెవరి దగ్గరైనా బాకీ ఉందా, హామీ ఎవరు అన్నవి ముందొస్తాయి. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నాలుగు రూపాయలైనా ఇస్తానని తనంతట తనే అనేవాడొస్తే సంతోషించరు, అనుమానిస్తారు.

అంత జాగ్రత్త గల మనుషులే డీమ్యాట్ ఖాతా తెరిచి ఫైనాన్స్ కంపెనీ షేరు కొనేటప్పుడు ఆ ప్రశ్నలన్నీ గడప బయటే వదిలేస్తారు. లాభం ఎంత పెరిగింది, పీఈ (షేరు ధర ఏడాది లాభానికి ఎన్ని రెట్లు) ఎంత, ఏడాదిలో షేరు ఎంత లేచింది, అంతే. సబ్బుల కంపెనీకో మందుల కంపెనీకో ఈ మూడూ కొంతవరకు పనికొస్తాయి. అప్పులిచ్చే కంపెనీకి ఇవే పెట్టుకుంటే, ప్రమాదం ముదిరిన రోజునే షేరు అన్నింటికంటే అందంగా కనిపిస్తుంది.

ఎందుకలా? సబ్బు అమ్మితే డబ్బు చేతికొచ్చి అమ్మకం ముగుస్తుంది. అప్పు ఇస్తే డబ్బు చేయి దాటిపోతుంది, అసలు పని అప్పుడు మొదలవుతుంది. సబ్బుల అమ్మకాలు ఏడాదిలో 50 శాతం పెంచడం కష్టం, కొనేవాళ్లు కావాలి. అప్పులు 50 శాతం పెంచడానికి కాస్త చేయి వదులు చేస్తే చాలు, తీసుకునేవాళ్లకు కొదవ ఉండదు. అందుకే ఈ రంగంలో వేగంగా ఎదగడం మెచ్చుకోలు కంటే ముందు ప్రశ్న పుట్టించాలి.

లాభంలో అంచనా పాలు

ఒక చిన్న లెక్క వేసుకుంటే ఈ వ్యాపారం గుట్టు తెలుస్తుంది. అంకెలు ఊహించినవే, వరస మాత్రం ఏ ఎన్‌బీఎఫ్‌సీకైనా, అంటే బ్యాంకు కాని ఏ ఫైనాన్స్ కంపెనీకైనా ఇదే. కంపెనీ వంద రూపాయలు అప్పుగా ఇచ్చింది. అందులో 20 వాటాదారుల సొమ్ము, 80 బ్యాంకుల దగ్గరా బాండ్ల మీదా తెచ్చింది. ఇచ్చిన అప్పు మీద 18 శాతం వడ్డీ, అంటే 18 రూపాయలు. తెచ్చిన 80కి తొమ్మిదిన్నర శాతం చొప్పున కట్టేది 7.60. జీతాలు, బ్రాంచీల అద్దెలు, వసూలు ఖర్చులు కలిపి 4. మిగిలింది 6.40. రాని బాకీల కింద 2 రూపాయలు పక్కన పెడితే 4.40, పాతిక శాతం పన్ను పోగా 3.30. వాటాదారుల 20 రూపాయల మీద అది పదహారున్నర శాతం. చూడచక్కని కంపెనీ.

ఈ లెక్కలో అన్నిటికంటే మెత్తని అంకె ఆ 2 రూపాయలు. ఇచ్చిన వందలో ఎంత తిరిగి రాదన్నది రెండు మూడేళ్లకు గానీ తెలియదు, లెక్క మాత్రం ఈ మార్చికే మూయాలి. యాజమాన్యం 2 బదులు 1 అని రాసుకుంటే లాభం 4.05 అవుతుంది. వ్యాపారం ఇసుమంత మారకుండా లాభం 23 శాతం పెరిగింది, పీఈ ఆ మేరకు దిగి షేరు చౌకగా కనిపించింది. నిజంగా పోయేది 8 అయితే? అప్పుడు రూపాయి అరవై పైసల నష్టం, అది నేరుగా ఆ 20 లోంచే తరిగిపోతుంది. బ్యాంకుల్లో సొంత సొమ్ము మరీ పలచన, మొత్తం ఆస్తుల్లో వందకు పది దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ చిన్న తప్పు కూడా పెద్ద గండి.

ఇది హైదరాబాద్‌కు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన పాఠం కాదు. సికింద్రాబాద్ కేంద్రంగా 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంక్, కొత్త తరం ప్రైవేటు బ్యాంకుల్లో ముందు వరసలో నిలిచింది. 2002 మార్చి నాటి ఆడిట్ అయిన లెక్కల్లో లాభమే ఉంది, మూలధనమూ సరిపడా ఉన్నట్టే ఉంది. ఆర్‌బీఐ తనిఖీ చేస్తే అసలు నికర విలువే, అంటే అప్పులు పోగా వాటాదారులకు మిగిలేదే మైనస్‌లోకి పోయిందని తేలింది. 2004 జూలై 24న మారటోరియం, అంటే డబ్బు తీయడం మీద ఆంక్ష వచ్చింది, ఆగస్టు 14న బ్యాంకు ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిట్‌దారులు కొత్త బ్యాంకు కౌంటర్‌కు వెళ్లి తమ డబ్బు తాము తీసుకున్నారు. వాటాదారులకు పైసా రాలేదు. లాభం అని అచ్చేసిన అంకెకూ నిజానికీ మధ్య ఎంత అగాధం ఉండగలదో, షేరు పట్టుకున్నవాడు ఆ వరసలో ఎక్కడ నిలబడతాడో ఆ మూడు వారాల్లో తేలిపోయింది.

మొండి బకాయిల శాతం చెప్పని సంగతి

కంతు గడువు దాటి 90 రోజులైతే ఆ అప్పు మొండి బకాయి, అంటే ఎన్‌పీఏ. ప్రతి మూడు నెలలకూ కంపెనీలు ప్రకటించే ఎన్‌పీఏ శాతం చూసి చాలామంది తృప్తి పడతారు. ఆ శాతం ఒక భిన్నం. పైన మొండి బకాయిలు, కింద మొత్తం అప్పులు. కింది అంకెను వేగంగా పెంచుకుంటూ పోతే శాతం దానంతటదే దిగుతుంది. నిరుడు వెయ్యి కోట్ల అప్పుల్లో 30 కోట్లు మొండివి, 3 శాతం. ఈ ఏడు అప్పులు 1,500 కోట్లయ్యాయి, మొండివి 39 కోట్లు, 2.6 శాతం. ఇన్వెస్టర్లకు కంపెనీ చూపే ప్రెజెంటేషన్‌లో ఇది 'ఆస్తుల నాణ్యత మెరుగు' అని వస్తుంది (ఈ వ్యాపారంలో ఆస్తులంటే ఇచ్చిన అప్పులే). నిజానికి మొండివి 30 శాతం పెరిగాయి. కొత్తగా ఇచ్చిన 500 కోట్లు చెడటానికి ఇంకా సమయమే రాలేదు. ఈ ఏటి మొండి బకాయిలను నిరుటి అప్పులతో భాగిస్తే వచ్చేది 3.9. అంకెల మాయ అంతా ఆ కింది గడిలో ఉంటుంది.

రెండో మాయ రద్దు. రాని బాకీని పుస్తకాల్లోంచి కొట్టేస్తే ఎన్‌పీఏ శాతం తగ్గుతుంది, ముందే పక్కన పెట్టని మేరకు కంపెనీ మూలధనమూ తగ్గుతుంది, మొదటిదే పతాక శీర్షిక అవుతుంది. అందుకని మిగిలిన శాతాన్ని పక్కన పెట్టి, మూడు నెలల్లో కొత్తగా ఎన్ని అప్పులు మొండివయ్యాయో చూడటం మేలు. దాన్ని స్లిపేజీ అంటారు. దానికి పక్కనే రద్దు చేసిన మొత్తం, మొండి బకాయిలు కొనే ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీలకు అమ్మేసిన మొత్తం కూడా కలుపుకోవాలి. ఎన్‌బీఎఫ్‌సీల లెక్కల్లో 'స్టేజ్ 2' అనే వరస ఉంటుంది. కంతు 30 రోజులు దాటి 90 దాకా రానివి ఎక్కువగా అందులో పడతాయి. రేపటి మొండి బకాయిలు ఇవాళ కూర్చునే గది అది. వరసగా నాలుగు త్రైమాసికాలు ఆ గది నిండుతూ ఉంటే, ఎన్‌పీఏ శాతం ఎంత తళతళలాడినా నమ్మాల్సిన పని లేదు.

మూడోది మన పల్లెల్లో అందరికీ తెలిసినదే, నోటు తిరగరాయడం. కట్టలేనివాడి చేత అసలూ వడ్డీ కలిపి కొత్త ప్రోనోటు రాయించుకుంటే, కాగితం మీద బాకీ పచ్చగా ఉంటుంది. పెద్ద సంస్థల్లో ఇదే పనికి పునర్వ్యవస్థీకరణ, టాప్-అప్, కొత్త లోన్ అని రకరకాల పేర్లు. బయటి మనిషి దీన్ని పట్టుకోవడం కష్టం. ఒక జాడ మాత్రం దొరుకుతుంది. లాభ నష్టాల లెక్కలో వడ్డీ ఆదాయం బాగా పెరిగి, వసూళ్ల శాతం గురించి మాట మాత్రం తగ్గిపోతుంటే అనుమానించాలి.

బ్యాంకుల విషయంలో ఇంకో మేలైన దారి ఉంది. బ్యాంకు చూపిన మొండి బకాయిలకూ ఆర్‌బీఐ తనిఖీలో తేలినవాటికీ తేడా ఒక పరిమితి దాటితే, ఆ తేడాను వార్షిక నివేదికలో చెప్పి తీరాలని 2017 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. ఆ ఏడాదే యెస్ బ్యాంక్ తన నివేదికలో ఇది చెప్పాల్సి వచ్చింది. 2016 మార్చి నాటికి బ్యాంకు చూపింది 749 కోట్లు, ఆర్‌బీఐ లెక్క 4,926 కోట్లు. ఆరు రెట్లకు మించిన తేడా, నల్లటి అక్షరాల్లో, ఎవరైనా ఉచితంగా చదువుకోగల కాగితం మీద. షేరు ఆ తర్వాత కూడా ఏడాదికి పైగా ఎక్కుతూనే పోయి, 2018 ఆగస్టులో 400 రూపాయలు తాకింది. 2020 మార్చి 5న మారటోరియం, ఖాతాదారులకు 50 వేల రూపాయల పరిమితి. రహస్యం తెలిసినవాళ్లే బయటపడ్డారని చాలామంది అనుకుంటారు. ఇక్కడ రహస్యమేమీ లేదు, చదివినవాళ్లు తక్కువ.

2025 మార్చి 10న ఇండస్‌ఇండ్ బ్యాంక్ డెరివేటివ్‌ల లెక్కల్లో తేడా ఉందనీ, నికర విలువలో సుమారు 2.35 శాతం దెబ్బ పడుతుందనీ చెప్పింది. మర్నాడు షేరు 27 శాతం పడింది. 2.35కీ 27కీ పొంతన లేదని మార్కెట్‌ను తిట్టినవాళ్లున్నారు. ఒక అంకె తప్పని తేలితే మిగతా అంకెల మీద నమ్మకం కూడా సడలుతుంది. అప్పులిచ్చే కంపెనీలో నమ్మకం కాక షేరుదారు కొనేది ఇంకేముంటుంది?

ఎవరికిచ్చారు, ఎవరి డబ్బుతో ఇచ్చారు

హైదరాబాద్ కేంద్రంగా పెరిగిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో షేరు 985 రూపాయల చొప్పున జనానికి అమ్మి మార్కెట్లోకి వచ్చింది. సెప్టెంబరు చివరికి 1,400 దాటింది. వసూళ్లు 99 శాతం, లాభాలు ఏటేటా రెట్టింపు తీరు. లెక్కల్లో దోషమేమీ లేదు. దోషం ఆ లెక్కల బయట ఉంది. ఒకే మహిళ నాలుగైదు కంపెనీల దగ్గర గ్రూపు లోన్లు తీసుకుని, ఒకదాని కంతు ఇంకొకదాని డబ్బుతో కడుతున్న ఊళ్లు అప్పటికే ఎన్నో. ఆత్మహత్యల వార్తల తర్వాత అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసే పద్ధతి ఆగిపోయింది. రాష్ట్రంలో వసూళ్లు పది శాతం దరిదాపులకు కూలిపోయాయి. రెండేళ్లు తిరగకముందే షేరు వంద రూపాయల కిందికి వచ్చింది. తర్వాత కంపెనీ పేరు మార్చుకుని, ఇతర రాష్ట్రాల్లో నిలదొక్కుకుని, 2019లో ఇండస్‌ఇండ్‌లో కలిసింది. ఆ రాష్ట్ర చట్టం ఆర్‌బీఐ దగ్గర నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు వర్తించదని తెలంగాణ హైకోర్టు చెప్పింది కూడా, 2023 ఫిబ్రవరిలో. పదమూడో ఏట వచ్చిన ఆ ఊరట 985కి కొన్నవాళ్లకు ఏం చేస్తుంది?

దీన్నుంచి షేరుదారు పట్టుకోవాల్సిన సంగతి, అప్పులన్నీ ఒకే చోట, ఒకే రకం మనుషుల దగ్గర ఉంటే సగటు శాతాలకు అర్థం లేదని. వేలమందికి ఇచ్చినా, వాళ్లంతా ఒకే ప్రభుత్వ ఉత్తర్వుతో, ఒకే వర్షాభావంతో కట్టడం మానేయగలిగితే అది ఒక్కరికిచ్చిన అప్పు కిందే లెక్క. ప్రెజెంటేషన్‌లో రాష్ట్రాలవారీ పట్టిక ఉంటుంది. ఒకే రాష్ట్రం పాలు పాతిక శాతం దాటితే అక్కడ ఆగి ఆలోచించాలి.

ఇళ్ల రుణాల కంపెనీలకూ ఇలాంటి పరీక్షే ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అలాంటి ధరల మీద కట్టే అపార్ట్‌మెంట్‌లో ఒక ఉద్యోగికి ఇచ్చిన హోమ్ లోన్ వేరు, ఆ బిల్డర్‌కే ఇచ్చిన అప్పు వేరు. ఉద్యోగి ఇల్లు వదులుకోడు, తిండి తగ్గించైనా ఈఎంఐ కడతాడు. బిల్డర్ అప్పు ఫ్లాట్లు అమ్ముడుపోతేనే తీరుతుంది. కంపెనీ పేరులో 'హౌసింగ్' ఉన్నంత మాత్రాన రెండూ ఒకటే కావు. పుస్తకంలో బిల్డర్ల పాలు ఎంతో విడిగా చూడాలి. బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలది ఇంకో తీరు. సరుకు చేతిలోనే ఉంటుంది, కాల పరిమితి తక్కువ, మొండి బకాయి అయినా వేలం వేసుకోవచ్చు. కాకపోతే బంగారం ధర ఎక్కిన ఏడాది వాళ్ల అప్పులు 30, 40 శాతం పెరిగాయంటే చప్పట్లు కొట్టే ముందు, తనఖాలో ఉన్న బంగారం ఎన్ని టన్నులో చూడాలి. టన్నులు కదలకుండా అప్పులు పెరిగితే ఆ ఘనత కంపెనీది కాదు, బంగారానిది.

ఇక ఎవరి డబ్బు అన్న ప్రశ్న. 2018 సెప్టెంబరులో మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ బాకీలు ఎగ్గొట్టడానికి కొన్ని వారాల ముందు దాకా దాని కాగితాలకు అత్యున్నతమైన ట్రిపుల్-ఏ రేటింగ్ ఉండేది. ఆ భయానికి మార్కెట్ బిగుసుకుపోయి, ఇళ్ల రుణాలిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు సెప్టెంబరు 21న ఒక్కరోజే 42 శాతం పడింది. పదిహేను, ఇరవై ఏళ్లకు తీరే ఇంటి అప్పులను కొన్ని నెలల్లో తిరిగి కట్టాల్సిన డబ్బుతో కూడా నడిపితే, కొత్త డబ్బు దొరకని రోజున ఆస్తులు ఎంత మంచివైనా ఊపిరి ఆడదు. ఆస్తులు కూడా మంచివి కావని తర్వాత తేలింది, అది వేరే కథ. 2021లో పిరమల్ సంస్థ దాన్ని తీసుకున్నప్పుడు పాత షేర్ల విలువ సున్నా. బ్యాంకులో అయితే కరెంట్, సేవింగ్స్ ఖాతాల డబ్బు మొత్తం డిపాజిట్లలో ఎంతో చూడాలి. ఎన్‌బీఎఫ్‌సీలో అయితే వచ్చే ఏడాదిలో కట్టాల్సినవీ వచ్చే ఏడాదిలో రావాల్సినవీ పక్కపక్కన ఉండే పట్టిక వార్షిక నివేదికలో ఉంటుంది. రేటింగ్ సంస్థల నివేదికలు వాటి వెబ్‌సైట్లలో ఉచితం. అందులో రేటింగ్ అక్షరాల కంటే 'బలహీనతలు' అన్న పేరా ఎక్కువ పనికొస్తుంది.

ధర సంగతి

ఇంతదాకా వచ్చాక గానీ ధర గురించి మాట్లాడి లాభం లేదు. లాభం అంచనా కాబట్టి పీఈ కూడా అంచనాయే. బుక్ వాల్యూ, అంటే ఒక్కో షేరుకు వచ్చే నికర విలువ, కొంత గట్టి నేల. ఒక కంపెనీ బుక్ వాల్యూ షేరుకు 200, ఆ సొమ్ము మీద ఏటా 18 శాతం సంపాదిస్తోంది, షేరు 400. లాభం 36, పీఈ 11. ఇంకొకటి బుక్ వాల్యూ 200, సంపాదన 8 శాతం, షేరు 160. లాభం 16, పీఈ 10. పీఈ చూస్తే ఇద్దరూ అన్నదమ్ములు. మొదటిది రెండు రెట్ల బుక్ వాల్యూకు అమ్ముతున్నా అడిగిన ధరకు తగ్గ పని చేస్తోంది. రెండోది బుక్ వాల్యూ కంటే కిందున్నా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు కాస్త మించిన రాబడి కోసం షేరు ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకోమంటోంది. వాటాదారు ఆశించే రాబడి 13 శాతం అనుకుంటే, 13 సంపాదించే కంపెనీ బుక్ వాల్యూ దగ్గర, అంతకంటే ఎక్కువ సంపాదించేది పైన, తక్కువ సంపాదించేది కింద ఉండటం సహజం. చౌక అనేది అప్పుడే చౌక, ఆ సంపాదన మెరుగయ్యే దారి కనిపిస్తే.

అయితే బుక్ వాల్యూ కూడా పైన పటారం లోన లొటారం కావచ్చు. నికర విలువ 2,000 కోట్లు, షేర్లు 10 కోట్లు అనుకుందాం, షేరుకు 200. కేటాయింపులు (రాని బాకీల కింద పక్కన పెట్టినవి) పోగా మిగిలిన మొండి బకాయిలు 300 కోట్లుంటే, సగమే వస్తాయనుకున్నా 150 కోట్లు తీసేయాలి. షేరుకు 185. ఈ కోత వేశాకే ధరతో పోల్చాలి.

చౌకగా ఉన్న ప్రభుత్వ బ్యాంకు షేర్లు ఏళ్ల తరబడి ఉచ్చు అనిపించుకున్నాయి, ఊరికే కాదు. 2015లో ఆర్‌బీఐ ఆస్తుల నాణ్యత సమీక్ష మొదలయ్యాక దాచిన బకాయిలన్నీ బయటపడి, 2018 మార్చికి దేశంలో బ్యాంకుల ఎన్‌పీఏలు 11 శాతం దాటాయి. మన ఆంధ్రా బ్యాంక్ వాటాదారులకు 2020 ఏప్రిల్ 1 విలీనంలో వెయ్యి షేర్లకు 325 యూనియన్ బ్యాంక్ షేర్లు దక్కాయి. కానీ అదే ఏడాది మే నెలలో 150 రూపాయల దగ్గరున్న ఎస్‌బీఐ షేరు 2024లో 800 దాటింది. తేడా ఎక్కడొచ్చింది? పాత బకాయిలకు కేటాయింపులు దాదాపు పూర్తయ్యాయి, కొత్త స్లిపేజీలు తగ్గుముఖం పట్టాయి, ధరలో మాత్రం పాత భయమే మిగిలింది. ఎన్‌పీఏ శాతం బాగా ఎక్కువగా ఉన్నా కొత్తవి తగ్గుతున్న బ్యాంకు, శాతం తక్కువగా ఉన్నా కొత్తవి పెరుగుతున్న బ్యాంకు కంటే మేలన్నది ఒక్కమాటలో అక్కడి లెక్క.

అప్పులివ్వని ఆర్థిక సంస్థలకు ఈ కొలతలు పనికిరావు. హైదరాబాద్‌లోనే ఉన్న కేఫిన్ టెక్నాలజీస్ లాంటి, ఫండ్ల, షేర్ల ఖాతాలు నిర్వహించే రిజిస్ట్రార్లు, మ్యూచువల్ ఫండ్ కంపెనీలు ఫీజుల మీద బతుకుతాయి, వాటికి పీఈ న్యాయమైన కొలతే. బీమా కంపెనీలది వేరే లోకం. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గచ్చిబౌలిలోనే ఉన్నా, వాటిని కొలిచే ఎంబెడెడ్ వాల్యూ (నికర విలువకు, ఉన్న పాలసీల మీద ముందు ముందు రాబోయే లాభాల ఇవాళ్టి విలువ కలిపినది) అన్నది మన దగ్గర పెద్దగా అలవాటు పడని మాట. 2022 మేలో 949కి అమ్మిన ఎల్‌ఐసీ షేరు తొలిరోజే నష్టంతో మొదలైనప్పుడు పాలసీ వేరు, షేరు వేరు అని చాలా ఇళ్లలో తెలిసింది.

కొనబోయే ముందు ఇంట్లో ఇప్పటికే ఎంత ఉందో కూడా చూసుకోవాలి. నిఫ్టీ 50లో ఆర్థిక సంస్థల బరువు మూడో వంతుకు మించి ఉంటుంది. నెలకు పదివేలు ఇండెక్స్ ఫండ్‌లో వేసే మనిషి అందులో మూడు వేలకు పైగా బ్యాంకులకూ ఫైనాన్స్ కంపెనీలకూ ఇస్తూనే ఉన్నాడు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏదో బ్యాంకు కార్యాలయంలో ఉద్యోగం, అదే బ్యాంకు ఇచ్చిన షేర్లు, నార్సింగిలో ఈఎంఐ మీద ఫ్లాట్, దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మ వడ్డీకి తిప్పే నాలుగు లక్షలు, వీటన్నిటి మీద ఇంకో ఫైనాన్స్ కంపెనీ షేరు కొంటే ఆ కుటుంబం మొత్తంగా ఒకే పందెం ఐదుసార్లు కాసినట్టు. వాళ్లలో రుణగ్రహీత ముఖం చూసి అప్పిచ్చేది ఆ అమ్మ ఒక్కతే.